కొసరుకో గడి

కార్డు పెట్టగానే గేటు మీద ఎర్ర లైటు వెలిగింది. జయంతి కార్డును చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు ఫోన్ల మీంచి తలెత్తకుండానే పక్క గేటుకు జరిగిపోయారు.

"మేడమ్, మీది నిన్నటితోని బంద్ అయింది గదా," అన్నాడు సెక్యూరిటీ అతను నవ్వాపుకుంటూ. "నిన్న మీ కేకు గూడ తింటిమి. మళ్ళ వచ్చిన్రు?"

"కేకు నీకొక్కడికే సరిపోయిందో లేదో చూసిపోదామని వచ్చానయ్యా."

"విజిటర్ స్లిప్ రాయాలె మేడమ్. ఎవర్ని కలవాలె?"

"పైవి గారిని."

"పైన శానమంది ఉన్నరు. పైన ఎవర్ని?"

"ఆవిడ పేరే అది నాయనా. పైవి. ఫిన్లండ్ నుంచి వచ్చారు."

"గిట్ల గూడ ఉంటదా పేరు!" అని రాసుకుని, స్లిప్పుతో పాటు గుండ్రటి స్టిక్కరొకటి చేతిలో పెట్టాడు. జయంతి దాన్ని భుజం మీద పవిటకు అంటించుకుంది. మాదాపూర్‌లో ఈ అద్దాల మేడకు వచ్చినప్పటినుంచీ ఉద్యోగిగా ఎక్కిన లిఫ్టులోనే, ఇవాళ చుట్టంగా ఎక్కింది.

నిన్న నెలాఖరు. దాంతో ఆవిడ ఉద్యోగానికి వయసు నిండింది. శాలువా కప్పి, గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. "టైముకు పోవాల్సిన అవసరం తీరాక గడియారం ఇచ్చారేంటే వీళ్ళు," అని మొగుడు పార్థసారథి ఇంటికొచ్చిందగ్గర్నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. ఇవాళ పొద్దున ప్రగతి నగర్ ఇంట్లో ఆవిడ మళ్ళీ డబ్బా సర్దుకుంటుంటే ఆయన పేపరు దించి చూశాడు.

"చెల్లుకు చెల్లయిపోయాక మళ్ళీ కొట్టు తెరుస్తున్నావా?"

"నిన్నటిదాకా తూకం. ఇవాళ్టిది కొసరండీ," అంది జయంతి.

ఆ మాట ఆవిడ పుట్టింటిది. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నది బెల్లం కొట్టు. తక్కెడ ముల్లు నిలబడ్డాక, పొట్లం కట్టబోయే ముందు, దిమ్మ అంచున చిన్న ముక్క విరిచి పైన వేసేవాడాయన. కొనేవాడు అడిగినా వేసేవాడు, అడక్కపోయినా వేసేవాడు. "తూకం కొనేవాడి హక్కు. కొసరు అమ్మేవాడి పరువు," అనేవాడు. జయంతి లెక్కలు నేర్చింది ఆ తక్కెడ పక్కనే. అందుకే ఆవిడకు లోకంలో ప్రతిదానికీ ఒక తూకం, దాని మీద ఒక కొసరు కనిపిస్తాయి. పార్థసారథి సంబంధం వచ్చినప్పుడు కూడా ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం తూకమనీ, మనిషి నవ్వించడం కొసరనీ లెక్క కట్టుకునే తలూపింది. ఇన్నేళ్ళలో ఉద్యోగం ఎప్పుడూ చాలీచాలనట్టే నడిచింది. నవ్వు మాత్రం తరుగు లేకుండా వస్తోంది. కాబట్టి ఆ బేరంలో ఆవిడకు లాభమే.

ఆవిడ పనిచేసింది వ్యవసాయ పంపులు చేసే కంపెనీలో. కార్ఖానా జీడిమెట్లలో. ఒక్కో పంపు తయారవడానికి ఎంతవుతోంది, ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ కారిపోతోంది అని నెలనెలా పైవాళ్ళకు లెక్కగట్టి చెప్పడం ఆవిడ పని. చేరిన కొత్తలో లెక్కల గది రేకుల కిందే ఉండేది. కాగితాలకు కూడా గ్రీజు వాసన. పెద్దసారు, అంటే కంపెనీ పెట్టినాయన, గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఈ నెల ఎలా ఉన్నాం?" అనేవాడు. "పర్లేదండీ" అంటే బాగుందని, "చూడాలండీ" అంటే బాగాలేదని ఆయనకు అర్థమైపోయేది. ఆయన పోయాక కొడుకులు కంపెనీని ఫిన్లండ్ వాళ్ళకు అమ్మారు. అప్పుడే లెక్కల సెక్షన్ మొత్తం గ్రీజు వాసన వదిలేసి మాదాపూర్ వచ్చి పడింది.

ఫిన్లండ్ వాళ్ళ లెక్కల ఫారంలో గడులు ఎక్కువ. ఒక్కో గడికి ఒక్కో పేరు. ఏ గడిలో ఏం రాస్తే దాన్ని వాళ్ళు ఉన్నదున్నట్టు నమ్మేస్తారు. అక్కడే వచ్చింది చిక్కు.

జీడిమెట్లలో మేనేజరు దినేశ్ ఉన్నాడు. హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాడు. ఎనిమిది కావాలంటే పది అడగాలని, పైవాళ్ళు రెండు కోస్తారని, కోసినందుకు కాసేపు మొహం మాడ్చుకోవాలని అతనికి పుట్టుకతో తెలుసు. మొదటి ఏడాది అలాగే ఖర్చుల అంచనా పంపాడు. ఫిన్లండ్‌లో ఖర్చులు మంజూరు చేసే పైవి అడిగినంతా ఇచ్చేసింది. దినేశ్ హడలిపోయి జయంతికి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆమె జర గూడ కట్ చేయలే! నా మీద కోపమొచ్చిందంటారా?"

"అడిగావు, ఇచ్చారు. ఖర్చు పెట్టు."

"అంత నాకెందుకు మేడమ్? ఏం జేస్కోవాలె?" అని పాపం ఏడుపొక్కటే తక్కువ.

ఇటువైపు పొరపాటు జయంతిదీ ఉంది. మొన్న పైవి వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం జయంతి తన గోంగూర ముందుపెట్టింది. పైవి కొంచెం తిని, "చాలు" అంది. చాలు అంటే ఎవరు ఊరుకుంటారు? జయంతి కొసరి వడ్డించింది. "చాలు" అంది మళ్ళీ. మళ్ళీ కొసరింది. వాళ్ళ దేశంలో చాలంటే చాలనే అర్థమట. పాపం ఆ పిల్ల వద్దు అన్న ప్రతిసారీ గోంగూర తింది. మర్నాడు ఆఫీసుకు ఆలస్యంగా వచ్చింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒక్కటే ఉంది. దానికోసమే జయంతి ఇవాళ వచ్చింది.

ఫారంలో 'ప్యాకింగ్ వృథా' అని ఒక గడి ఉంది. పంపును పెట్టెలో సర్దేటప్పుడు పాడైపోయే సామాను ఖర్చు అందులో రాయాలి. ఈ కంపెనీకి ప్రపంచంలో ఉన్న కార్ఖానాలన్నిటిలోకీ ఆ గడిలో అంకె జీడిమెట్లదే పెద్దది. అందుకని ప్యాకింగ్ పనిని బయటి కాంట్రాక్టరుకు ఇచ్చేయాలని ఆలోచన. నిన్న జరగాల్సిన మీటింగు కేకు మూలంగా ఇవాళ్టికి జరిగింది. ఇచ్చేస్తే మల్లమ్మ, ఆమెతో పాటు ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళంతా ఇంటికి పోవాల్సిందే. వారం కిందట మల్లమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, మా బల్ల లేపుతరంట. నిజమేనా? నీకు ఎర్కుంటది గదా," అంది. జయంతి నోట "చూద్దాం మల్లమ్మా" అని వచ్చింది. చూద్దాం అంటే ఏమిటో మల్లమ్మకు తెలుసు. సరేనమ్మా అని ఫోను పెట్టేసింది.

అసలు అక్కడ పాడైపోతున్నది ఏమీ లేదు. పంపు మూత బిగింపులో నీళ్ళు కారకుండా ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది. దానికి తోడు విడిగా ఒక రింగు పెట్టెలో పెట్టాలని ప్యాకింగ్ కాగితంలో ఉంది. మల్లమ్మ బల్ల మీద మాత్రం, పెట్టె మూత మూసే ముందు ఇంకో రింగు పడుతుంది. పెద్దసారు నాటి అలవాటు. ఆ పైన పడే రింగుల ఖర్చును రాయడానికి ఫారంలో చోటు లేదు. జయంతి దాన్ని తీసుకెళ్ళి వృథా గడిలో వేసింది. అది కొసరని జీడిమెట్లలో ఊడ్చేవాళ్ళకు కూడా తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడమేమిటని అనుకుంది.

ఆవిడ భోజనం డబ్బా గొళ్ళెం విరిగి చాలాకాలమైంది. మూతను పట్టి ఉంచేది కూడా అలాంటి రింగే. ఏళ్ళ తరబడి సాగదీసినా బిగువు తగ్గలేదు. ఆ డబ్బాతోనే ఆవిడ మీటింగుకు వెళ్ళింది.

గాజుగది పేరు మంజీర. అందులో నీళ్ళ సీసాలు తప్ప నది ఏమీ లేదు. ఆ చివర పైవి కూర్చుంది. పొడుగ్గా, గోగునార రంగు జుట్టుతో, మెడలో చేతుల్లో ఏ నగా లేకుండా ఉంటుంది. మాటను చిల్లరలా ఖర్చు పెట్టే మనిషి కాదు. అవసరమైతే నోటు తీస్తుంది. లేకపోతే జేబు మూసే ఉంటుంది. ఇటుపక్క సెక్షన్ అధిపతి రవికిరణ్. కడప కుర్రాడు, పెద్ద చదువులు చదివినవాడు, మర్యాద తెలిసినవాడు. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోవడం చూడలేడు. అందుకే ఎవరేమన్నా ముందు సరే అంటాడు.

జయంతి వచ్చి కూర్చోగానే అతను పక్కకు వంగాడు. "మేడమ్, మీరు శాలువా కప్పుకుని పోయినోళ్ళు. కాసేపు గమ్మునుండండి. నేను చూసుకుంటా."

పైవి తెర మీద ఎర్రగా ఉన్న గడిని చూపించింది. ఇంగ్లీషులోనే, ముక్కకు ముక్క తెంచినట్టు అడిగింది. "ఇది ఇంత ఎందుకు?"

"తగ్గించేస్తాం మేడమ్. తగ్గిపోయినట్టే అనుకోండి," అన్నాడు రవికిరణ్.

పైవి రాసుకుంది. "ఏ తేదీకి?"

రవికిరణ్ ఫోనులో క్యాలెండరు తెరిచి మళ్ళీ మూశాడు. తగ్గిపోయినట్టే అన్న మాటకు తేదీ ఉండదు మరి.

"తగ్గించకూడదండీ," అంది జయంతి. "అది వృథా కాదు."

"మరి వృథా గడిలో ఎందుకుంది?"

"ఇంకెక్కడా చోటు లేక నేనే పెట్టాను."

"ఎందుకు చెప్పలేదు?"

జయంతి నిజంగానే ఆశ్చర్యపోయింది. "అందరికీ తెలుసు కదండీ!"

"నాకు తెలియదు," అంది పైవి. ఆ మాటలో కోపం లేదు. కిటికీ మూసి ఉందని చెప్పినట్టు చెప్పింది.

అప్పటికి జయంతికి చిక్కుముడి కొస దొరికింది. ఇక్కడ అందరికీ తెలిసినదాన్ని ఎవరూ రాయరు. అక్కడ రాయనిది అసలు ఉన్నట్టే కాదు. రెండూ లెక్కలే. మధ్యలో మల్లమ్మ బల్ల పడి నలుగుతోంది.

"వృథా కాకపోతే ఏమిటది?" పైవి అడిగింది.

కొసరును ఇంగ్లీషులో పెట్టడానికి ఇద్దరూ తంటాలు పడ్డారు. రవికిరణ్ డిస్కౌంట్ అన్నాడు. ధర తగ్గించలేదు కదా అంది పైవి. గిఫ్ట్ అంది జయంతి. పండగకా, పుట్టినరోజుకా అంది పైవి. శాంపిల్ అన్నాడు రవికిరణ్. కొనేసినవాడికి శాంపిల్ ఎందుకు అంది. గుడ్‌విల్ అన్నాడు. ఆ మాటకు లెక్కల్లో, కంపెనీ మంచిపేరుకు కట్టే వెల అని, ఇంకో పెద్ద అర్థముంది. ఆమె కనుబొమలు పైకి లేచాయి. అతను నీళ్ళు తాగాడు.

"మాటలతో అయ్యేట్టు లేదు," అని జయంతి దినేశ్‌కు వీడియో కాల్ చేసింది. "ఫోను ప్యాకింగ్ బల్ల దగ్గరికి పట్టుకెళ్ళవయ్యా."

తెర మీద ఫ్యాను రెక్కలు, తర్వాత దినేశ్ గడ్డం, తర్వాత మల్లమ్మ కనిపించారు. రూపాయి కాసంత బొట్టు, మోచేతుల దాకా అట్టపెట్టెల దుమ్ము, నడుముకు వేలాడే గుడ్డసంచి. ఫోటో తీస్తున్నారనుకుని కొంగు సర్దుకుని బిగుసుకుని నిలబడింది.

"ఫోటో గాదు మల్లమ్మా, మాట్లాడు," దినేశ్ గొంతు.

"నమస్తే మేడం. తిన్నరా?" అంది మల్లమ్మ పైవితో.

"మల్లమ్మా, ఒక పెట్టె కట్టి చూపించు," అంది జయంతి.

మల్లమ్మ చేతులు కదిలాయి. పంపు దిగింది. అటూ ఇటూ తెల్ల మెత్తలు దూరాయి. బోల్టుల కవరు, గ్యారంటీ కాగితం, కాగితంలో రాసిన రింగు వరుసగా వెళ్ళాయి. మూత సగం దించింది. అప్పుడు, ఆమె చూపు మూత మీదే ఉండగా, చెయ్యి మాత్రం నడుము సంచిలోకి పోయింది. నల్ల రింగొకటి వచ్చి పెట్టెలో పడింది. మూత పడింది.

"ఆ చివరిది ఎందుకు?" అంది పైవి. జయంతి తెలుగు చేసింది.

"ఎందుకేందమ్మా?" మల్లమ్మ నవ్వింది. "రైతు పొలంలనే మోటర్ ఇప్పుతడు. ఒక రింగు ఏస్తడు, అది సక్కగ కూసోదు, తెగుతది. గప్పుడు పట్నం ఉరుకుతడా? పెట్టెల చెయ్యి పెడితే ఇంకోటి దొరుకుతది. ఎవలో మంచోళ్ళు ఏసిన్రు అనుకుంటడు. గంతే."

పైవి తెరకేసి వంగింది. "అయితే కాగితంలోనే రెండు అని రాసి, రెండు ఇవ్వొచ్చు కదా?"

ఆ మాట తెలుగులో వినగానే మల్లమ్మ ఈ చదువుకున్న పిల్ల ఇంత తెలివితక్కువగా అడిగిందేమిటని జాలిపడ్డట్టు చూసింది.

"రెండని రాస్తే రెండోది గూడ లెక్కల పడతది గదమ్మా. గప్పుడు నేను మూడోది ఏడికెల్లి తేవాలె?"

జయంతి దాన్ని ఇంగ్లీషు చేసింది. పైవి ఏమీ అనలేదు. పెన్ను మూత పెట్టింది. కిటికీలోంచి దుర్గం చెరువు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ మౌనం పెరిగింది. రవికిరణ్ నీళ్ళ సీసా మూత తిప్పి మళ్ళీ బిగించాడు. అతను "తగ్గించేద్దాం మేడమ్" అనడానికి నోరు తెరవబోయాడు. జయంతి బల్ల కింద అతని బూటు తొక్కింది. బెల్లం కొట్టులో నాన్న చెప్పిన ఇంకో మాట ఆవిడకు గుర్తుంది: బేరం నడుమ కొనేవాడు మౌనంగా ఉంటే నువ్వు మాట్లాడకు, ముందు నోరు తెరిచినవాడే దిగాలి. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళ మౌనం ఎదురెదురుగా తక్కెడ పళ్ళేల్లా తూగింది. తెర మీద మల్లమ్మ కూడా కదల్లేదు. ఆమె చెయ్యి గుడ్డసంచిని గట్టిగా పట్టుకుని ఉంది.

"కౌపన్ ప్యాల్లే," అంది పైవి.

రవికిరణ్ తెల్లబోయాడు. తిట్టేమో అనుకున్నాడు.

పైవి మొహంలో మాత్రం నవ్వు మెల్లగా కదులుతోంది. ఆమె చెప్పింది: వాళ్ళమ్మమ్మ ఆమెను చిన్నప్పుడు రేవులో చేపల సంతకు తీసుకెళ్ళేదట. చేపలమ్మే మనిషి తూచి, కాగితంలో చుట్టి, ఇచ్చే ముందు ఇంకో గుప్పెడు చిన్న చేపలు పైన పడేసేవాడట. దాన్ని వాళ్ళ భాషలో కౌపన్ ప్యాల్లే అంటారట. కౌపన్ అంటే బేరం. ప్యాల్లే అంటే పైన. "ఆ చిన్న చేపలే రుచి," అంది. "ఈ మాట అని ఎన్నేళ్ళయిందో!"

"మాదీ అదేనండీ! పైన వేసేదే కొసరు," జయంతి ఆనందంతో బల్ల చరిచింది. "అయినా మీ పేరులోనే ఉంది. పైవి అంటే తెలుగులో పైన ఉన్నవి అని అర్థం."

"నా పేరుకు మా భాషలో అర్థం రోజు," అంది పైవి. మరుక్షణం పకపకా నవ్వింది. మూడు రోజులుగా నవ్వని మనిషి నవ్వేసరికి గాజు అవతల కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు.

నవ్వినంత మాత్రాన ఊరికే ఒప్పుకునే రకం కాదామె. వెంటనే పెన్ను తీసింది. ఆ రింగులు పక్కన పెడితే ప్యాకింగ్‌లో మిగిలే వృథా ఎంతని అడిగింది. జయంతి చూపించింది. అన్ని కార్ఖానాలకంటే తక్కువ. "అలాంటప్పుడు కాంట్రాక్టరు ఎందుకు?" అంది పైవి.

"నేనూ అదే అనుకుంటున్నా మేడమ్," అన్నాడు రవికిరణ్. జయంతి అతని రెండో బూటు కూడా తొక్కుదామనుకుని, పోనీలే అని వదిలేసింది.

పైవి ఫారంలో కొత్త వరుస తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొసరు అని రాసింది. పక్కన రెండు గడులు. ముందు అనుకున్నది ఎంత, తర్వాత అయింది ఎంత. "ముందుది ఎంత రాయను?"

"ఏమీ రాయకండి. ముందే రాస్తే కొసరు కాదు. నెలాఖరున, వేసినంతా అయ్యాక, రెండో గడి మాత్రం నింపండి."

"ఖాళీ గడి నాకిష్టం లేదు."

"తెలుసండీ."

పైవి కాసేపు ఆలోచించి, మొదటి గడిలో చిన్న అడ్డగీత గీసింది. "ఖాళీ కాదు. అంకె కూడా కాదు. కానీ నెలాఖరు లెక్క మాత్రం ఒక్క రింగు తప్పకూడదు." జయంతి చెయ్యి చాచింది. బేరం కుదిరింది.

"ఏమన్నదమ్మా?" అంది మల్లమ్మ తెరలోంచి.

"నీ బల్ల నీదేనంది."

ఫోను అవతల దినేశ్ ఈలేశాడు. మల్లమ్మ మొహం పక్కకు తిప్పుకుని కొంగుతో ఒకసారి తుడుచుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఎప్పటి మల్లమ్మే. "మంచిగైంది. ఇగ పెట్టెలున్నయ్, ఫోను పెట్టెయ్యనా?" అంది.

మధ్యాహ్నం అందరూ జయంతి డబ్బాలోని పులిహోరే పంచుకు తిన్నారు. పైవి కొంచెం తిని "చాలు" అంది. జయంతి గరిటె వెనక్కి తీసుకుంది. పైవి ఆవిడ మొహంలోకి చూసి, మళ్ళీ పళ్ళెం ముందుకు జరిపింది.

సాయంత్రం జయంతి తన పాత బల్ల దగ్గర అశ్వినికి కొత్త వరుస ఎలా నింపాలో చూపించింది. ఆ సీటు ఇవాళ్టినుంచి ఆ అమ్మాయిదే. కుర్చీ వెనక వేలాడే తన స్వెట్టరు తీసుకుంది. పైవి దగ్గర స్లిప్పు మీద సంతకం పెట్టించుకుంది. ఎవరికీ వెళ్ళొస్తానని గట్టిగా చెప్పలేదు. అవన్నీ నిన్ననే అయిపోయాయి. ఒకే మనిషికి రెండుసార్లు వీడ్కోలంటే అది లెక్కకు మించిన ఖర్చు.

కింద స్టిక్కరు ఊడదీసి ఇచ్చింది.

"కలిసిన్రా మేడమ్, పైవిని? రేపు గూడ వస్తరా?"

"రోజూ వేస్తే కొసరు ఎలా అవుతుందయ్యా?" అని గేటు దాటింది.

బయట ఎండ వాలుతోంది. జేఎన్టీయూ వైపు బస్సు వస్తోంది. జయంతి సంచిని చంకలో నొక్కి పట్టుకుని మెట్టెక్కింది. పట్టి ఉంచేది లేక లోపల ఖాళీ డబ్బా మూత గలగలమంటోంది.

పైన మంజీర గదిలో లైట్లు వాటంతటవే ఆరిపోయాయి. పైవి మూసి పెట్టిన లాప్‌టాప్ మీద, ఎవరూ అడగని నల్ల రబ్బరు రింగొకటి గుండ్రంగా పడి ఉంది.